జార్విస్ కుడి చెవి

లెనర్డ్ పావ్లాక్ అబద్ధాలాడే మనిషి కాదు. టొలీడోలో లగ్రాంజ్ వీధి పోలిష్ వాళ్ళలో ఎవర్నడిగినా ఆ మాటే చెబుతారు. పేకాటలో పాయింట్లు రాయమని కాగితం అతని చేతికే ఇస్తారు. అలాంటివాడు జీవితంలో రెండంటే రెండు వాక్యాలు తప్పుగా రాశాడు. నిజానికి అది అబద్ధం కాదు, ఉన్నది చెప్పకపోవడమేనని తనకు తాను చాలా ఏళ్ళు నచ్చచెప్పుకోబోయాడు. కుదరలేదు.

అతను పైలట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ఆటగాళ్ళను వెతికిపెట్టే స్కౌటు. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా కారే ఇల్లు. మిసిసిపీ, అలబామా, జార్జియా కాలేజీ మైదానాలన్నీ మెడలో స్టాప్‌వాచీ వేసుకుని తిరిగేవాడు. పెట్రోలు బంకులో హాట్‌డాగ్ తిని, మోటెల్లో పడుకుని, తెల్లారి ఇంకో ఊరు. ఏప్రిల్లో డ్రాఫ్టు జరుగుతుంది. జట్లన్నీ వరసపెట్టి కాలేజీ కుర్రాళ్ళను ఎంచుకుంటాయి. మొదటి విడతలో పేరు పిలిచారంటే ఆ కుర్రాడి ఇంట పెళ్ళి జరిగినట్టే. స్కౌటుకి దక్కేదల్లా ఒక్క మాట, "వీడు లెన్ తెచ్చినవాడు" అని. కుర్రాడు ఆడలేక తన్నేసినా అదే మాట అంటారు, కాకపోతే గొంతు మారుతుంది.

లెన్ తెచ్చినవాళ్ళు అప్పటికి ఇద్దరు వరసగా తన్నేశారు. మేనేజర్ హెన్షా ఒకరోజు భుజం మీద చెయ్యేసి, "లెన్, నువ్వు నాకు అన్నలాంటివాడివి. మూడోవాడు కూడా ఇలాగే అయితే మాత్రం కొత్త కళ్ళు వెతుక్కోవాలి నేను," అన్నాడు. పూర్తి పెన్షనుకి ఇంకా ఐదేళ్ళ సర్వీసు కావాలి. భార్య డొలోరెస్‌కి ఈ మాట చెప్పలేదు. రాత్రి క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టిన గోలాబ్కీ వడ్డిస్తే రెండోది వద్దన్నాడు, అంతే ఆమెకి అర్థమైపోయింది.

అప్పుడు కనబడ్డాడు జార్విస్ టాల్బర్ట్. ఆరున్నర అడుగులు, నూట నలభై కిలోలు. అంత శరీరానికి అంత తేలికైన కాళ్ళు లెన్ ఎన్నడూ చూడలేదు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ మీద ఎదుటివాళ్ళు పడకుండా కాచే వరసలో కుడి చివర నిలబడేవాడు. బంతి కదిలిందంటే అతని ముందుకొచ్చినవాడు గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయేవాడు.

చిక్కల్లా ఆ కుడి చివరతోనే. క్వార్టర్‌బ్యాక్‌లు ఎక్కువమంది కుడిచేతి వాటం. బంతి విసరబోయేటప్పుడు వాళ్ళ వీపు ఎడమవైపుకి ఉంటుంది. అటునుంచి వచ్చేవాణ్ణి చూడలేరు. అందుకని జట్లు ఎడమ చివరన నిలబడేవాడి కోసం మొదటి విడతలో కొట్టుకుంటాయి. కుడివైపు వాళ్ళ పేర్లు మూడో విడతలో, సగంమంది భోజనాలకి లేచి వెళ్ళాక పిలుస్తారు.

డ్రాఫ్టుకి ముందు స్కౌటు కుర్రాడి ఇంటికి వెళ్ళి పెద్దవాళ్ళను చూసి రావడం వాడుక. లెన్ మిసిసిపీలో బెల్జోనీ అనే ఊరు దాటాక ఒక మట్టిరోడ్డు చివర ఉన్న ఇంటికి వెళ్ళాడు. జార్విస్‌ని పెంచింది నాయనమ్మ; గౌరవంగా అందరూ మిస్ ఆర్డీలియా అంటారు. వేయించిన క్యాట్‌ఫిష్, బటర్ బీన్స్, మొక్కజొన్న రొట్టె పెట్టింది. తింటున్నంతసేపూ పక్కనే నిలబడింది. జార్విస్ పెరట్లో పికాన్ చెట్టు కింద కారు కడుగుతున్నాడు.

"మిస్టర్ లెన్, వాడు బయటున్నాడు కాబట్టి చెబుతున్నా," అందామె. "నాలుగేళ్ళప్పుడు జ్వరమొచ్చి వాడి కుడి చెవి చీముపట్టింది. ఆసుపత్రి దూరం, మాకు బండి లేదు. ఆ చెవి పోయింది. చెవిటోడా అన్నాడని బడిలో ఒకణ్ణి చావగొట్టొచ్చాడు, ఆనాటినుంచి ఎవరికీ తెలియనివ్వడు. పెదాలు చూసి నెట్టుకొస్తాడు. నేను మీకు చెప్పానని కూడా వాడికి తెలియకూడదు."

"అలాగే అమ్మా."

"కానీ మీ వాళ్ళకి చెప్పండి. కుడివైపునే ఆడించమనండి. అక్కడైతే మంచి చెవి లోపలివైపుకి ఉంటుంది, పిలుపు వినబడుతుంది. ఎడమకి మార్చారో, వాడు నూతిలో ఉన్నట్టే."

"మాటిస్తున్నాను, మిస్ ఆర్డీలియా."

"ఇంకో ముక్క వేసుకోండి. చేపకి మొహమాటమేంటి?"

వేసుకున్నాడు కూడా. మర్నాడు పొద్దున ఒక హోటల్లో కాఫీ చల్లారిపోతుండగా నివేదిక రాశాడు. కాళ్ళ గురించీ, చేతుల గురించీ, వినయం గురించీ రాసిన ప్రతి అక్షరమూ నిజమే. కుడివైపువాడని రాస్తే మొదటి విడతలో తీసుకోరు, తన పేరూ నిలబడదు. అందుకని చివర్న రాశాడు: "ఎడమవైపుకి మార్చినా ఇట్టే ఇమిడిపోతాడు. ఆరోగ్యంలో లోటేమీ లేదు." కాగితం మడిచాక చేప వాసన చేతికింకా ఉందనిపించింది. రెండుసార్లు కడుక్కున్నాడు.

జట్టు డాక్టర్లు మోకాళ్ళు వంచి చూశారు, భుజాలు తిప్పి చూశారు. చెవి సంగతి ఎవరికి కావాలి? మొదటి విడతలోనే, పదకొండో పిలుపుగా జార్విస్ పేరు వచ్చింది. హెన్షా లెన్‌ని కౌగిలించుకున్నాడు. ఆ డిసెంబరులో మిసిసిపీ నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. నిండా అక్రోటుల్లాంటి పికాన్ కాయలు, పైన చీటీ: "మిస్టర్ లెన్‌కి, మా చెట్టువి. ఆర్డీలియా."

జార్విస్‌ని ఎడమ చివరనే నిలబెట్టారు, డిసెంబరుకల్లా ఆ సీజను చాలావరకు పాడైపోయింది. క్వార్టర్‌బ్యాక్ కేక పెట్టగానే వరసంతా ఒక్కసారి లేస్తుంది, జార్విస్ అర రెప్పపాటు ఆలస్యంగా లేస్తాడు. బంతిని కంటి కొనతో చూసి లేచేవాడు పాపం, వినే దారి లేదుగా. ఆ అర రెప్పపాటులో అటునుంచి వచ్చేవాడు దూరిపోయేవాడు. ఆరో ఆటలో క్వార్టర్‌బ్యాక్ కాలర్ ఎముక విరిగింది. ఆలస్యం కాకూడదని ముందే లేస్తే జరిమానా పడేది. స్టేడియం మొత్తం "టోల్‌గేట్! టోల్‌గేట్!" అని అరిచేది.

లెన్ బావమరిది స్టాన్ ఆదివారం బీరు సీసా ఎత్తి, "బావా, టోల్‌గేట్ అయితే కాసేపన్నా ఆపుతుంది. మీవాడు సలాం కొట్టి మరీ పంపిస్తున్నాడు!" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. లెన్ తేలు కుట్టిన దొంగలా కూర్చునేవాడు.

కోచ్‌లకీ విసుగొచ్చింది. ముందు "కొత్త" అన్నారు. తర్వాత "బద్ధకం" అన్నారు. రెండో ఏటికి "బుర్ర మందం" అనేశారు. పక్కనుంచి పిలిస్తే పలకడని పొగరు కూడా అంటగట్టారు. ఒక మంచి కుర్రాడి మీద ఒక్కో ముద్రా పడుతుంటే లెన్ చూస్తూ ఊరుకున్నాడు. నాకు లెన్ అంటే ఇష్టమే, కానీ ఇక్కడ అతన్ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు.

మూడో ఏడు ఆగస్టులో అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కుర్ర కోచ్ ఒకడు, "ఒకసారి కుడివైపు పెట్టి చూద్దామా? కాలేజీలో అక్కడే ఆడాడు కదా," అన్నాడు.

"పదకొండో పిలుపులో తెచ్చినవాణ్ణి కుడివైపు పెడితే మనమే తప్పుచేశామని టముకు వేసుకున్నట్టు," అన్నాడు హెన్షా. లెన్ వైపు తిరిగాడు. "లెన్, వాడి సంగతి నీకే బాగా తెలుసు. కుడికి మార్చడానికి కారణమేదైనా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు."

ఒక్క వాక్యం చాలు. జార్విస్ బతికిపోతాడు. కానీ ఆ వాక్యం వెనకే "ఇన్నాళ్ళుగా నీకు తెలుసా?" అన్న ప్రశ్న వస్తుంది, దానితోపాటు ఉద్యోగమూ పెన్షనూ పోతాయి. లెన్ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో డోనట్ పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

ఆటగాళ్ళను తీసేసే రోజు ఒక మనిషి తలుపు తట్టి, "కోచ్ రమ్మంటున్నారు, ఆటల పుస్తకం తీసుకురా," అంటాడు. జట్టు ఎత్తుగడలన్నీ ఉండే ఆ పుస్తకం తెమ్మన్నారంటే ఇంక చెప్పాల్సిందేమీ ఉండదు. తలుపు తట్టే ఆ మనిషికి ఆటగాళ్ళు పెట్టిన పేరు యమదూత. ఆ ఏడు తీసేసేవాళ్ళలో జార్విస్ పేరుంది, ఆ మనిషేమో తుంటి విరిగి మంచాన పడ్డాడు. "నువ్వు తెచ్చినవాడే కదా, నువ్వే వెళ్ళు," అన్నాడు హెన్షా.

తలుపు తీసిన జార్విస్ లెన్‌ని చూసి నవ్వాడు. తర్వాత లెన్ పెదాలు చూశాడు. ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి ఇచ్చాడు. ఇప్పుడది పుస్తకం కూడా కాదు, టాబ్లెట్. తెర తుడిచి మరీ ఇచ్చాడు.

"మిస్టర్ లెన్, మీకో సంగతి చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

"చెప్పు బాబూ."

"నాకు కుడి చెవి వినబడదు సార్. చిన్నప్పట్నుంచీ. మీ దగ్గర దాచాను. ఎడమవైపు అనగానే నావల్ల కాదని చెప్పాల్సింది. మొదటి విడత పోతుందని ఆశపడ్డాను. మీరు నన్ను నమ్మి మీ పేరు పణంగా పెట్టి తెచ్చారు, మీ పరువు తీశాను. మోసం చేశాను సార్, క్షమించండి."

తీసేసినవాళ్ళ జాబితా పంపడానికి సాయంత్రం నాలుగు దాకా గడువుంది. అప్పుడు పన్నెండున్నర. పై అంతస్తుకెళ్ళి చెప్పడానికి మూడున్నర గంటలున్నాయి. లెన్ ఆ కుర్రాడి పెద్ద చెయ్యి పట్టుకుని, "పర్లేదులే బాబూ," అన్నాడు. అవును, క్షమించేశాడు! తను చేసిన తప్పుకి ఎదుటివాణ్ణి క్షమించి, టాబ్లెట్ చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

మరే జట్టూ జార్విస్‌ని తీసుకోలేదు. బద్ధకస్తుడనీ బుర్ర మందమనీ పేరుపడ్డవాణ్ణి ఎవరు తీసుకుంటారు? జార్విస్ ఊరికెళ్ళిపోయాడు. ఇంక పికాన్లు రావనుకున్నాడు లెన్. డిసెంబరులో పెట్టె వచ్చింది. అదే చీటీ, అదే చేతిరాత. మరుసటేడూ వచ్చింది. డొలోరెస్ వాటితో తీపి 'పై' కాల్చి పెడితే పళ్ళనొప్పి అనేవాడు. "ఆవిడది ఎంత మంచి మనసో, నువ్వేమో ముట్టవు," అని ఆమె తిట్టేది. పెట్టె గరాజులో ఉన్నన్ని రోజులూ అటు కారు పెట్టేవాడు కాదు.

లెన్ రిటైరయ్యాడు. గోడ గడియారం ఇచ్చారు, చప్పట్లు కొట్టారు. పెన్షను మొదలయ్యాక కూడా పెట్టె వచ్చింది. చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. పెన్షను చేతికొచ్చాక చెప్పుకునేదానికి విలువెంతో నాకు తెలీదు. ఆ మార్చిలో అతను డొలోరెస్‌కి అంతా చెప్పాడు. ఆమె లేచి కారు తాళాలు తెచ్చి బల్లమీద పెట్టింది.

రెండు రోజులు నడిపాడు. మిస్ ఆర్డీలియా వంటింట్లో బఠాణీలు ఒలుస్తోంది. బాగా చిక్కిపోయింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. అతనే కుర్చీ లాక్కుని మొదలుపెట్టాడు. నివేదిక, బల్ల దగ్గరి ప్రశ్న, డోనట్, ఏదీ దాచలేదు. ఆమె చేతులు ఆగలేదు.

"నాకు తెలియని సంగతొక్కటీ చెప్పలేదు నువ్వు," అంది. "వాడు ఎడమవైపు నిలబడటం మొదటి ఆటలోనే టీవీలో చూశాను."

"మరి... కాయలు పంపారు కదమ్మా, ఏటేటా?"

"ప్రేమతో పంపాననుకున్నావా నాయనా? ఈ ఇంట్లో కూర్చుని తిన్నావు, మాటిచ్చావు. మర్చిపోతావేమోనని పంపాను."

లెన్ తల దించుకున్నాడు. "జార్విస్‌కి మీరు చెప్పలేదా?"

"నేనెందుకు చెబుతాను? వాడు ఇప్పటికీ మిస్టర్ లెన్‌ని మోసం చేశానే అని ఏడుస్తాడు. హైస్కూల్లో పిల్లలకి ఆట నేర్పుతూ కూడా, దేన్నీ దాచకండిరా, ఒక మంచివాడి పరువు తీశాను నేను, అని చెబుతాడంట. ఆ బరువు దించాల్సింది నువ్వు. నేను కాదు."

బయట ట్రక్కు ఆగింది. గుమ్మం మొత్తం నిండిపోయేలా జార్విస్ లోపలికొచ్చాడు. "మిస్టర్ లెన్!" అంటూ విప్పారిన ముఖంతో చెయ్యి ఇచ్చి, అతని పక్కనే కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

లెన్ బల్ల చెక్క వైపు చూస్తూ, నోట్లోనే గొణుగుతూ, "బాబూ, నీ చెవి సంగతి నాకు ముందే..." అన్నాడు.

జార్విస్ నవ్వుతూనే ఉన్నాడు. "భోజనం చేశారా సార్?" అన్నాడు.

మిస్ ఆర్డీలియా బఠాణీల గిన్నె పక్కన పెట్టింది.

"అది వాడి కుడిపక్క," అంది. "లేచి ఇటొచ్చి కూర్చో. ఇప్పుడు వాడికి వినబడేలా చెప్పు."