ఫోన్ నంబరు లేని పేర్లు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకూ చెప్పలేదు. మీకు చెప్పడం తేలిక. మీరు నా ముఖం చూడరు.

నకిరేకల్ చుట్టుపక్కల ఊళ్లలో ఒక సంస్థ కంటి శిబిరాలు పెట్టేది. వాళ్ల మొబైల్ యాప్ రాసింది నేనే. పేర్లు ఎక్కించడానికి ఊళ్లకు వెళ్లిందీ నేనే. యాప్‌లో డిక్షనరీ అని ఒకటి ఉంటుంది: ఒక పక్క మనిషి పేరు, దానికి జతగా ఫోన్ నంబరు. ఫోన్ లేనివాళ్లకు నిల్ పెట్టాను. అంటే ఏమీ లేదని. నేను వాడిన ప్రోగ్రామింగ్ భాషలో అలా పెడితే దానికి జతగా ఉన్న మనిషి పేరు కూడా చెరిగిపోతుంది. నాకది తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు, యాప్ ఆగకుండా నడుస్తోంది, నాకదే గొప్ప.

రజియాబీ బొంతలు కుట్టేది. రెండు కళ్లకూ పొర. సూదిలో దారం పక్కింటివాళ్లు ఎక్కించి ఇచ్చేవారు. ఆమె పేరు రాసుకున్న మధ్యాహ్నం ఇప్పటికీ నా కునుకుల్లోకి వస్తుంది. తీగ మీద రంగురంగుల బొంతలు మెల్లగా ఊగుతుంటాయి. ఆమె నాతో మాట్లాడుతున్నాననుకుని నా పక్కనున్న గోడతో మాట్లాడుతుంటుంది. నేను జరిగి ఆమె చూపుకు ఎదురుగా నిలబడాలనుకుంటాను. కాళ్లు కదలవు.

ఆపరేషన్ల రోజు బస్సు దగ్గర ట్యాబ్ పట్టుకుని నిలబడ్డాను. జాబితాలో పేరుంటేనే ఎక్కించాలి. ఆమె పేరు లేదు. ఫోన్ లేనివాళ్లెవరి పేర్లూ లేవు. ఏం జరిగిందో అక్కడే అర్థమైంది. పక్కనే మా మేనేజరు. నాకు ఉద్యోగం కొత్త.

"గా దినం నా పేరు రాసుకున్నది నువ్వే గదా బిడ్డా?" అంది రజియాబీ. "కండ్లు మసక గానీ, గొంతు గదే అనిపిస్తాంది."

"నేను కాదమ్మా. ఇంకెవరో."

"గట్లనా? నేనే పొరపాటు పడ్డనేమో తియ్యి."

చూపున్న మనిషితో ఆ మాట అనగలిగేవాడినా? ఆమెకు కనబడదన్న ధైర్యమే కదా నాచేత అనిపించింది?

సాయంత్రానికల్లా ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చాను. నిల్ బదులు ‘ఫోన్ లేదు’ అన్న మాట పెట్టాను, ఇక మీద ఎక్కించే పేర్లు నిలుస్తాయి. చెరిగిపోయినవాళ్ల కోసం మళ్లీ ఊరూరా తిరగాల్సింది. తిరిగితే ఎందుకని అడుగుతారు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

మళ్లీ శిబిరం ఏడాది దాటాక వచ్చింది. ఈసారి ఊళ్లలో పేర్లు ఇంకెవరో మళ్లీ రాసుకొచ్చారు, ఆమె పేరుంది. ఒక కంటికి ఆపరేషన్ చేశారు. రెండోదానిలో పొర ముదిరి లోపలి నరం దెబ్బతింది, ఇక చూపు రాదన్నారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. గొంతు గుర్తుపడుతుందని ఆ రోజంతా నోరు విప్పలేదు.

మొదటిసారే బస్సెక్కి ఉంటే ఆ కన్ను దక్కేదా? డాక్టరును అడగవచ్చు. దక్కేదంటాడేమోనని ఇంతవరకూ అడగలేదు.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాను. ఆమె పేరు రాసుకున్నది నేనే. పోగొట్టిందీ నేనే. రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆమె కన్ను అలాగే ఉంది.