సుగుణమ్మ పాట, సాగిపోయిన బెల్టు

1986. ఒంగోలు బస్టాండు దగ్గర నాకు టేప్‌రికార్డర్లు బాగుచేసే చిన్న షాపు ఉండేది. చేతిలో పని ఉందన్న పొగరూ కాస్త ఉండేది. సెట్ విప్పానంటే చెప్పని రిపేరు కూడా చేసి పంపడం నాకో గొప్ప.

ఓ రోజు దేవదానం మాస్టారు సెట్ తెచ్చారు. పక్క ఊళ్లో బడిపంతులు, యాభై దాటిన మనిషి. రివైండ్ బటన్ లోపలికి దిగిపోయి పైకి రావడం లేదు.

"ఇంతలా అరగ్గొట్టారేంటండీ?" అన్నాను.

"గిటార్ నేర్చుకుంటున్నానండి. నొటేషన్ అవీ నాకు రావు. ఒక ముక్క వినడం, తీగల మీద వెతుక్కోవడం, మళ్లీ వెనక్కి తిప్పడం. మా ఆవిడ సుగుణమ్మ పాటండి, తనే కట్టింది. సెట్ కొన్న కొత్తలో రికార్డు చేశాను. తను పోయి రెండేళ్లు. ఆదివారం జ్ఞాపకార్థ కూటంలో వాయిద్దామని."

బటన్ మార్చాను. లోపల బెల్టు సాగిపోయి ఉంది. మోటారు నుంచి క్యాసెట్ తిప్పే చక్రానికి వేసే రబ్బరు అది. సాగితే టేపు మెల్లగా నడుస్తుంది, గొంతు బరువుగా వినిపిస్తుంది. అడక్కుండానే కొత్తది వేసి పంపేశాను.

మర్నాడే మాస్టారు సెట్టూ గిటారూ పట్టుకుని వచ్చారు.

"ఏం చేశారండీ? పాట పరుగెడుతోంది. నా గిటార్ కలవట్లేదు. ఆదివారం ఇంక మూడు రోజులే."

బెల్టు సంగతి చెప్పాను. ఆయన స్టూలు మీద కూలబడ్డారు.

"పాట రికార్డు చేసిన ఆర్నెల్లకి జబ్బు బయటపడిందండి. తను పోయాకే మళ్లీ విన్నాను. గొంతు నీరసంగా ఉంది. అప్పటికే బాధపడుతోంది, పక్కనుండీ కనిపెట్టలేకపోయానని రెండేళ్లుగా కుమిలిపోతున్నా. ఇంతకీ ఏది నిజమండీ?"

క్యాసెట్ మొదటి నుంచి పెట్టాను. పాటకు ముందు ఓ మగగొంతు "ఊఁ, పాడు" అంది. నా ఎదురుగా కూర్చున్న మనిషి గొంతే, అచ్చంగా.

"జబ్బు సంగతి నేను చెప్పలేను మాస్టారూ. మీ గొంతు ఉన్నదున్నట్టు వినిపిస్తోంది కదా, ఆవిడదీ అంతే."

పాట హుషారుగా సాగింది. చివర ఆవిడ నవ్వింది. పాత బెల్టు మీద ఆ నవ్వు ఆయనకి మూలుగులా వినిపించేదట.

ఆయన కళ్లు తుడుచుకుని, తీగలు ఒక్కొక్కటే బిగిస్తూ గిటార్‌ని ఆ గొంతుకు కలిపారు. "బాగానే ఉందండి ఆ రోజు, బాగానే ఉంది" అంటూనే ఉన్నారు. నాకూ ఏడుపు ఆగలేదు.

అప్పట్నుంచి అడక్కుండా బెల్టు మార్చడం మానేశాను. సెట్ ఎవరు తెచ్చినా, విప్పేముందు ఒక్క మాట అడిగేవాణ్ణి: "ఇందులో ఎవరి గొంతు వింటుంటారండీ?"