రాజమ్మ పేరు చెప్పలేదు

తొమ్మిదేళ్ళుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

మాది తమిళనాడులోని గుడియాత్తంలో లుంగీల వ్యాపారం. రాజమ్మ మా ఇంట్లో పదకొండేళ్ళు పనిచేసింది. ఆమె భర్త అగ్గిపెట్టెల కంపెనీలో కూలి. ఇద్దరు పిల్లలతో ఒకే గదిలో కాపురం.

ఆ ఏడు నాకు దగ్గు పట్టుకుంది. రెండు నెలలైనా తగ్గలేదు. పక్కన కూర్చుని వీపు రాసింది, గంజి తాగించింది, నేను ఉమ్మిన గిన్నె కడిగింది రాజమ్మే. చివరికి మా ఆయన కారులో వేలూరు తీసుకెళ్ళారు. క్షయ అన్నారు. ఆరు నెలలు మాత్రలు మింగితే నయమవుతుందన్నారు.

"ఇంట్లో మీతో మెలిగేవాళ్ళు ఎవరెవరు? అందరినీ పరీక్ష చేయాల," అంది డాక్టరమ్మ.

"మా ఆయన, అత్తమ్మ, ఇద్దరు పిల్లోళ్ళు. అంతే."

అంతేనా? మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. రాజమ్మ పేరు నాలుక మీదికి వచ్చింది. మింగేశాను. ఆమె మా వీధిలో ఇంకో మూడిళ్ళలో పనిచేసేది. ఆమెకు తెలిస్తే సాయంత్రానికల్లా బజారంతా తెలుస్తుందని, ఇక మా గడప ఎవరూ తొక్కరని భయపడ్డాను.

మావాళ్ళు నలుగురికీ పరీక్షలు చేశారు. ఎవరికీ ఏమీ లేదు. పాలూ పళ్ళూ తిని, మేడ మీద గాలి వచ్చే గదిలో పడుకుని నేను కోలుకున్నాను.

నా మాత్రలు అయిపోయే వేళకు రాజమ్మ దగ్గడం మొదలుపెట్టింది. అప్పుడైనా చెప్పవచ్చు కదా? "వేలూరు పోయి చూపించుకో" అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆసుపత్రికని పని మానితే చేసే ఇళ్ళు పోతాయని ఆమె దగ్గుమందుతో నెట్టుకొచ్చింది. నెత్తురు పడ్డాకే ప్రభుత్వాసుపత్రికి పోయింది. అప్పటికి ఒక ఊపిరితిత్తి పాడైపోయింది. సంగతి తెలిసి మూడిళ్ళవాళ్ళూ ఆమెను మాన్పించారు. మేమూ మాన్పించాం.

వెళ్ళేరోజు గుమ్మం బయటే నిలబడింది.

"అమ్మా, మీకు అప్పుడు వచ్చిన ఆ దగ్గు కూడా ఇదేనేమోమా, నా వల్లే వచ్చిందేమో. మా ఇంట్లో గాలీ లేదు, వెలుతురూ లేదు. యాడి నుంచి తెచ్చి మీకు అంటించినానో ఏమో. మన్నించండమ్మా."

"పోనీలే రాజమ్మా. నేను బాగుండాను కదా," అన్నాను.

ముందు దగ్గింది నేను. రోగం పేదింటి నుంచే బయలుదేరుతుందని పాపం ఆమె కూడా నమ్మింది, నేను ఆ నమ్మకం చాటున దాక్కుని, ఆమెను క్షమించిన పెద్దమనిషిలా నిలబడ్డాను. ఎలా నిలబడగలిగాను?

తర్వాత పేర్ణాంబట్టులో చెల్లెలి దగ్గర చేరి, ఆ ఒక్క ఊపిరితిత్తితోనే పొగాకు దుమ్ములో బీడీలు చుట్టింది. రెండేళ్ళ క్రితం పోయింది. చూడటానికి వెళితే ఆమె కూతురు సెల్వి నాకు కుర్చీ వేసింది. "అమ్మ పనిచేసిన ఇంటోళ్ళు, శానా మంచోళ్ళు" అని అందరికీ చెప్పింది. కాఫీ తాగి వచ్చేశాను.

ఇదంతా రాశాక గుండె కొంచెం తేలికపడింది. సెల్వి తెలుగు చక్కగా మాట్లాడుతుంది. చదువుకున్నది తమిళం, తెలుగు చదవడం రాదు. అది తెలిసే ఇక్కడ రాశాను.