మూడో స్థానంలో ఉన్న పాయింట్ గార్డ్

ఎనభైల్లో నరసరావుపేట టీకొట్ల దగ్గర జనం పత్తి ధర గురించీ కోర్టు వాయిదాల గురించీ మాట్లాడుకునేవాళ్ళు. నేను మాత్రం అమెరికాలో జీతం పుచ్చుకుని బాస్కెట్‌బాల్ ఆడే పాయింట్ గార్డుల గురించి చెప్పేవాణ్ణి. పాయింట్ గార్డ్ అంటే బంతిని నడిపించుకొచ్చి, ఎవరికి ఎప్పుడు అందించాలో తేల్చే మనిషి. వాళ్ళలో ఎవరి తర్వాత ఎవరో నేను వరస పెడుతుంటే వినేవాళ్ళ టీలు చల్లారిపోయేవి. నిజానికి నేను చూసింది గుంటూరులో మా పెదనాన్న కొడుకు వీడియో షాపులో ఒకే ఒక క్యాసెట్టు. అందులోనూ సగం ఆట అయ్యాక ఎవరిదో పెళ్ళి మొదలైంది. ఆ సగం ఆటలోంచి ఒక ఖండానికి సరిపడా ఆటగాళ్ళను పుట్టించాను. ఒకడు విసిరిన బంతి, అందుకునేవాడు వచ్చేదాకా గాల్లోనే ఆగేదని కూడా చెప్పినట్టు గుర్తు.

ఈ కీర్తి డ్రిల్లు మాస్టారి చెవిన పడింది. ఆయన కూతురు కాలేజీ జట్టులో పాయింట్ గార్డ్. ఆ అమ్మాయి ఆట చూడటానికి నేను మిల్లులో గుమాస్తా పని తొందరగా ముగించుకుని గ్రౌండు గోడెక్కి కూర్చునేవాణ్ణని ఆయనకు తెలియదు. మా మేనమామ కాళ్ళావేళ్ళా పడి సంబంధం మాట్లాడించింది నేనేనని అసలే తెలియదు.

పెళ్ళిచూపులకు వెళితే ఆయన నా జీతమెంతో అడగలేదు.

"ఏంది బాబూ, అమెరికా ఆటలు చానా చూశావంట. వాళ్ళల్లో మొదటి ముగ్గుర్ని వరసన చెప్పు. ఎందుకో కూడా చెప్పాల."

"ముగ్గురే గదరా, చెప్పెయ్," అన్నాడు మా మామ, అదేదో పచారీ సరుకుల చీటీలా.

క్యాసెట్టులో నేను చూసింది ఇద్దర్నే. వీపు వెనకనుంచి బంతి అందించేవాణ్ణి మొదట పెట్టాను. పొడుగువాళ్ళ చంకల కిందుగా దూరిపోయే పొట్టివాణ్ణి రెండో స్థానంలో పెట్టాను. మూడోవాడు లేడు. తలుపు పక్కన ఆకుపచ్చ చీర అంచు కనబడుతోంది. నా బుర్రలో గోడెక్కి చూసిన ఆట ఒక్కటే మిగిలింది.

"మూడోవాడు కేకలెయ్యడు మాస్టారూ. గడ్డం కాస్త ఎత్తితే చాలు, తనవాళ్ళు పరిగెడతారు. జట్టులోకి కొత్తగా వచ్చినవాడు బెదురుతుంటే మొదటి బంతి వాడికే ఇస్తాడు. వాడు జారవిడిస్తే మళ్ళీ వాడికే ఇస్తాడు."

లోపల గాజుల చప్పుడు ఆగింది.

"అట్టాంటివాణ్ణి మూడులో ఎందుకు పెట్టారు?" అంది తలుపు వెనకనుంచి ఆ అమ్మాయి.

"ఏమే, ఊరుకోవే," అని వాళ్ళమ్మ కసిరింది.

"ఎందుకో చెప్పాలని నాన్నే అన్నాడు గదమ్మా."

పొరపాటైంది, మొదటి స్థానమే అనేస్తే సంబంధం అక్కడికక్కడే కుదిరేదేమో. కానీ ఊరందరికీ కోతలు కోసిన నోరు ఆమె ఆట దగ్గర అబద్ధానికి పెగల్లేదు.

"ఎడమ చెయ్యి లేదండీ. అంతా కుడి చేత్తోనే. అటువైపు మూసేస్తే ఆగిపోతాడు."

"అది నిరుటి మాట. ఇప్పుడొచ్చింది."

మాస్టారు కుర్చీలో ముందుకు వంగాడు. "అమెరికావాడి ఎడమ చెయ్యి సంగతి నీకెట్టా తెలుసమ్మా?"

ఆకుపచ్చ అంచు తలుపు చాటుకి తప్పుకుంది. మా మామ మంచినీళ్ళు అడిగాడు. మాస్టారు నా వైపు తిరిగాడు.

"రేపు సాయంత్రం గ్రౌండుకి రా అబ్బాయ్. చూసే చెబుదువు."

ఇస్త్రీ ప్యాంటు వేసుకుని వెళ్ళాను. ఆయన నన్ను రింగు ముందు నిలబెట్టి, "కుడివైపు మూసెయ్," అన్నాడు. మూశాను. ఆమె పరిగెత్తుకొస్తూ బంతిని ఎడమ చేతికి మార్చుకుని, నేను అటు తిరిగేలోపు దాటిపోయింది. నేను దుమ్ములో కూలబడ్డాను. నా చెప్పు ఒకటి ఎగిరిపోయి, ఇప్పటికీ కిందికి రాలేదు.

"ఇప్పుడు ఎన్నో స్థానం?" అన్నాడు మాస్టారు.

"మొదటిది."

"అయితే మీ మామని ఇంకోసారి రమ్మను."

ఆమె బంతిని చంకన పెట్టుకొచ్చి నన్ను లేపడానికి ఎడమ చెయ్యి చాపింది. మాస్టారు అటు తిరిగి, రింగుకి బోల్టులన్నీ ఉన్నాయో లేదో శ్రద్ధగా చూడసాగాడు.