నెత్తి మీద బోనం, కొంగు కింద మిషిన్

నిన్న మా గల్లీల పోచమ్మ బోనాలు. అమ్మోరు నా ఒంటి మీదికి వచ్చిందని, వచ్చి నా గురించే ఒక మాట చెప్పిందని మట్టెవాడల పొద్దటి సంది ఒక్కటే ముచ్చట. ఆ మాటేందో ఎవలన్న మీకు ఉప్పు కారం పెట్టి చెప్పకముందే నేనే చెప్పుకుంటే నయం గదా అని వచ్చిన. మీరు చాయ్ తాగుండ్రి, నేను చెప్తాన.

ఇదంత మా చెల్లెతోని షురూ అయింది. అది హనుమకొండల ఉంటది, కాలేజీల లెక్చరర్. కొత్తిల్లు కట్టుకొని గృహప్రవేశం చేసుకున్నది, ఆ వీడియో నాకు వాట్సాప్‌ల పంపింది. అందుల నేను పాలగిన్నె పట్టుకొని వంటింట్లకు పోతాన, కెమెరా ఆయన నా ఎనుకకెల్లి వస్తాండు. మొఖం అంటే రోజు చూసుకుంటం గనీ, ఎనుకకెల్లి ఎట్లున్నమో ఎవలు చూసుకుంటరు చెప్పుండ్రి? నేను చూసిన. మల్ల చూసిన. ఆపి, పెద్దగ చేసి చూసిన. రొట్టెల పీటను నిలబెట్టి చీర చుట్టినట్టున్న.

తప్పు నాది కాదు, కుర్చీది. మా స్టీలు సామాను దుకాణంల పదహారేండ్ల సంది గల్లా కాడ కూసునేది నేనే. మా ఆయన గిరాకీలకు గంజులు, బిందెలు చూపిస్తడు, నేను కూసుంట. తిన్నా అండ్లనే, తాగినా అండ్లనే. ఎనుక కూసునే జాగ సపాటుగ అయిపోయింది.

చెల్లెకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసిన. అది మాత్రం ఏం ఫికర్ చెయ్యకు అక్కా, ఆడుండే కండలు నిద్ర పోయినయ్, జర లేపాలె అన్నది. లేపే మిషిన్ గూడ అదే తెప్పించి ఇచ్చింది. సబ్బు బిల్లంత డబ్బ, దానికి వైర్లు, వైర్ల చివర నాలుగు ప్యాడ్లు. ఆ ప్యాడ్లు చెప్పరాని జాగల అంటిచ్చుకొని బోర్ల పండుకోవాలె. సన్న కరెంటు పోతది. మనం ఏం చెయ్యకుండనే కండ దానంతట అదే ఐదు సెకన్లు బిగుసుకుంటది, ఐదు సెకన్లు వదులుతది. ప్లస్ ఒత్తితే జోరు, మైనస్ ఒత్తితే మెల్లగ. నడిమిట్ల బటన్ ఒత్తితే ఆగుతది, మల్ల ఒత్తితే ఆగిన కాడికెల్లి నడుస్తది. ఇరవై నిమిషాలు అయినంక అదే బంద్ అయితది. మొదటి రోజు ఎవలో గిచ్చినట్టు ఎగిరిపడ్డ గనీ తర్వాత అలవాటయింది. నిజం చెప్పాలంటే ఇష్టం గూడ అయింది.

కష్టం ఎక్కడొచ్చిందంటే మా అత్తమ్మ కాడ. ఆమెకు డెబ్బై దగ్గర పడ్డయ్. పెండ్లికి పోయినా, గుడికి పోయినా, దుకాణానికి వచ్చిన గిరాకీల ముంగట గూడ నా గురించి ఒక్కటే మాట చెప్తది. "మా శోభకు సోకుల్లేవు. పౌడర్ గూడ రాసుకోదు. గసొంటి కోడలు దొరకాలంటే పెట్టి పుట్టాలె." గల్లీల మిగిలిన కోడండ్లను తిట్టాలంటే నన్నే చూపిస్తరు. అసొంటి పేరు ఊకెనే వస్తదా? ఒకపారి కనుబొమ్మలు చేయించుకొని వచ్చి, పొయ్యి వేడికి రాలిపోయినయ్ అత్తమ్మా అని చెప్పిన మనిషిని నేను. పదహారేండ్ల పేరు, నాలుగు ప్యాడ్ల కోసం పోగొట్టుకుంటనా?

అందుకే మిషిన్‌ను బీరువాల పట్టు చీర మడతల దాచిన. పొద్దుగాల స్నానానికి ముందు గొళ్లెం పెట్టుకొని ఇరవై నిమిషాలు కానిచ్చేది. అత్తమ్మ తలుపు కాడికి వచ్చి ఏం జేస్తానవే అని అడిగేది. ఒకనాడు ధ్యానం అన్న. ఒకనాడు నిద్ర పట్టింది అన్న. ఇంకొకనాడు ఏం చెప్పాల్నో తెల్వక బీరువా సదురుతాన అన్న. మూడు వారాలు గట్లనే గడిచింది. ఆమె ఊకొట్టేది గనీ నమ్మినట్టు మాత్రం లేకుండె.

ఇగ నిన్నటి ముచ్చట. బోనం ఎత్తుకొని నేను ముంగట నడుస్తే గల్లీ గల్లంత నా ఎనుక వస్తది. అందరి చేతులల్ల ఫోన్లు, అందరు వీడియోలు తీసుడే. ఈ ఒక్కనాడన్న ఎనుకకెల్లి జర మంచిగ కనబడాలె అని ఆశ పుట్టింది నాకు. పొద్దున ఒకపారి పెట్టుకున్నది చాలక, సాయంత్రం బయలుదేరే ముందు మల్ల పెట్టుకున్న. పది నిమిషాలు అయ్యిందో లేదో, డప్పులోళ్లు వచ్చిన్రు రావే అని అత్తమ్మ తలుపు కొట్టింది. నడిమిట్ల బటన్ ఒత్తిన, ఆగింది. ప్యాడ్లు పీకుడంటే ఊరికెనే కాదు, జిగురు పట్టి ఉంటయ్. వచ్చినంక పీక్కుందం తియ్, ఎవలు చూస్తరు అనుకొని డబ్బను లంగా నాడకు చెక్కుకొని, మీదికెల్లి చీర కట్టుకున్న.

వాకిట్ల బోనం తయారుగ ఉన్నది. పసుపు రాసిన కుండ, అండ్ల బెల్లపన్నం, చుట్టు యాపకొమ్మలు, మీద దీపం. పక్కింటి సరోజక్క కుండను నా నెత్తి మీదికి ఎత్తింది. ఎత్తి, నడవంగ కొంగు జారుతదని నా నడుముకు గట్టిగ దోపింది. సరిగ్గ డబ్బ మీదనే దోపింది. బటన్ ఒత్తుకపోయింది.

నాలుగడుగులు మంచిగనే నడిచిన. ఐదో అడుగుకు ఎనుక బిగుసుకున్నది. పండుకున్నప్పుడు వేరు, నెత్తి మీద దీపం పెట్టుకొని నడిచేటప్పుడు వేరు. మడిమెలు లేసినయ్, నడుము ముందటికి పోయింది. రెండు చేతులు కుండ మీదనే. బోనం కింద పడితే ఇంటికి అరిష్టం, ఆ కుండ వదిలేది లేదు. మల్ల వదిలింది. మల్ల బిగిసింది. ఇట్ల కాదని ఒక్క చెయ్యి కిందికి దించి, చీర మీదికెల్లే తడిమి, మైనస్ అనుకొని రెండు మూడు సార్లు ఒత్తిన. ప్లస్ అట అది.

అంతే. ఎగిరిన. ఐదు సెకన్లు ఎగురుడు, ఐదు సెకన్లు నిలబడుడు. డప్పులోళ్లు మొదలు పరేషాన్ అయిన్రు, అటెంక నా లెక్క పట్టుకున్నరు. నేను బిగుసుకున్నప్పుడు వాళ్లు జోరుగ కొడతాన్రు, నేను వదిలినప్పుడు వాళ్లు మెల్లగ కొడతాన్రు. ఎనుకకెల్లి ఎవలో శిగం వచ్చింది, అమ్మోరు ఒంటి మీదికి దిగింది అన్నరు. ఇగ ఆడోళ్లంత నా చుట్టు చేరి చేతులు జోడిచ్చిన్రు.

అమ్మోరు ఒంటి మీదికి వస్తే ఏం చేస్తరు మనకాడ? నీళ్లు పోసి శాంతి చేస్తరు. సరోజక్క పసుపు నీళ్ల బిందె పట్టుకొని ఉరికొస్తాంది. నా నడుముకేమో కరెంటు. అది చిన్న బ్యాటరీదే, ఏం కాదని ఇప్పుడు చెప్పొచ్చు గనీ, అప్పుడు షాక్ కొట్టి సస్తననుకున్న. "నీళ్లొద్దు, నా మీద చుక్క నీళ్లు పడొద్దు" అని గట్టిగ అరిసిన. నీళ్లు వద్దన్న అమ్మోరును వాళ్లెన్నడు చూడలే. తల్లికి కోపమొచ్చింది, ఏదో తప్పు జరిగింది, ఇంటోళ్లను అడగమనుండ్రి అని అత్తమ్మను ముంగటికి పిలిచిన్రు.

అత్తమ్మ వచ్చి నా ఎదురుంగ నిలబడ్డది. చేతులు జోడిచ్చింది. పిల్లలు మంచిగ ఉంటరా, దుకాణం మంచిగ నడుస్తదా అని అడుగుతదనుకున్న. ఆమె నా కండ్లల్లకు చూసి ఒక్కటే అడిగింది.

"తల్లీ, నా కోడలు రోజు పొద్దుగాల తలుపేసుకొని లోపట ఏం జేస్తాంది?"

నా గురించి నన్నే అడుగుతాంది. నేనేమో అమ్మోరును. గల్లీల వంద మంది చెవులు పెట్టిన్రు. నా పదహారేండ్ల పేరు ఆ కుండ కన్న ఎక్కువ ఊగుతాంది నెత్తి మీద. ఎట్లనో గొంతు బొంగురు చేసి అన్న.

"నీ కోడలు నడుము నొప్పికి ఇలాజ్ చేసుకుంటాంది."

మాట పూర్తిగ బయటికి వచ్చిందో లేదో మిషిన్ బిగిచ్చింది. మునివేళ్ల మీద లేసిన. దీపం ఆరిపోయినంత పనై మల్ల నిలబడ్డది. తల్లి కాదంటాంది, అది కాదంట అని చుట్టున్నోళ్లు గుసగుసలాడుతాన్రు. అది మిషిన్ పని అని నాకు తెలుసు. కానీ నా నెత్తి మీద ఉన్న బోనం ఎవలదో గూడ తెలుసు గదా. పొద్దటి సంది ఒక్కపొద్దు ఉండి, ఆ తల్లి పేరు మీదనే అబద్ధమాడితే కండ్లు పోవా? కుండను ఇంకింత గట్టిగ పట్టుకున్న.

"నడుము నొప్పి లేదు, ఏం లేదు" అన్న. "నీ కోడలు పిర్రలకు కరెంటు మిషిన్ పెట్టుకుంటాంది. షేపు కోసం."

డప్పులు ఆగినయ్. సరిగ్గ అప్పుడే ఇరవై నిమిషాలు నిండినట్టున్నయ్, మిషిన్ గూడ ఆగింది. నేను గోడ లెక్క నిలబడ్డ. నిజం చెప్పంగనే తల్లి శాంతిచ్చింది అని సరోజక్క దండం పెట్టి, రెండు బిందెల నీళ్లు నా మీద గుమ్మరిచ్చింది. గుడి దాక తడి చీరతోని నడిచిన. ఎనుకకెల్లి అందరు చూస్తాన్రు. ఎక్కడ చూస్తాన్రో మీకు చెప్పాల్సిన పని లేదు. వీడియోలు తీసుడు గూడ బంద్ చెయ్యలే.

ఇంటికొచ్చి, చీర మార్చుకొని, అత్తమ్మ కాడికి పోయి కూసున్న. ఇగ దాచేది ఏమున్నది? అది అమ్మోరు కాదు అత్తమ్మా, మిషిన్ అని మొత్తం చెప్పి, ప్యాడ్లు తెచ్చి ముంగట పెట్టిన. ఏడుపు గూడ వచ్చింది నాకు. ఆమె తమలపాకుకు సున్నం రాసుకుంట నిమ్మలంగ విన్నది.

"అమ్మోరు కాదని నాకు అప్పుడే తెలుసు" అన్నది. "శిగం వచ్చినోళ్లకు ఒంటి మీద సోయి ఉంటదా? నువ్వు కుండను గ్యాస్ సిలిండర్ లెక్క పట్టుకున్నవ్."

"తెలిసి మరి నన్ను ఎందుకడిగినవ్, గల్లంత చూస్తాంటే?"

"మూడు వారాలు ఇంట్ల అడిగిన, చెప్పినవా? బోనం నెత్తి మీద ఉంటే అబద్ధం ఆడవని అడిగిన."

అయితే ఇగ సోకుల్లేని కోడలన్న పేరు పోయినట్టేనా అని అడిగిన. నిజంగనే బాధైంది నాకు. అత్తమ్మ ఆకు నోట్లె పెట్టుకున్నది. ప్యాడ్లను ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"పిచ్చిదానా, ఈ ఇంట్ల నిలువుటద్దం ఒక్కటే. నువ్వు గూడ దాని ముంగట నిలబడితే ఇగ నాకెప్పుడు దొరుకుతదని నీకు సోకుల్లేవని అందరికి చెప్పుకుంట వచ్చిన" అన్నది.