అడగని మూడు ప్రశ్నలు

ఒక జడ్జి హత్య కేసులో నేను సాక్షిని. హత్యను చూసిన సాక్షిని కాదు, సంతకం పెట్టిన సాక్షిని. పోలీసులు ఫలానా వస్తువు ఫలానా చోట దొరికిందని కాగితం రాసుకుంటారు కదా, అవును, మా కళ్ల ముందే దొరికిందని ఆ కాగితం కింద సంతకం చేసే మనిషిని పంచ్ అంటారు. కాగితమంతా గుజరాతీలో ఉంది. కింద నా సంతకం తెలుగులో ఉంది. సూరత్‌కు వచ్చిన ఇన్నేళ్లలో గుజరాతీ మాట్లాడటం వచ్చింది, కూరగాయల దగ్గర బేరమాడటం వచ్చింది, చదవడం మాత్రం రాలేదు. అయినా పెట్టాను. ఆ కాగితం మీదే ఒక మనిషికి యావజ్జీవం పడింది. ఇది రాయడానికి కూర్చుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

సూరత్‌లోనే డిండోలిలో నాకొక మెస్ ఉంది. బోర్డు ఏమీ లేదు. మా ముందు గదిలో చాపలు పరిస్తే అదే మెస్. మగ్గాల మీద పనిచేసే మన తెలంగాణ వాళ్లు షిఫ్టు దిగి వచ్చి తిని పోతారు. ఎదురు వరసలో అద్దె గదులున్నాయి. ఆ శిక్ష పడినతను అందులో ఒక గదిలో ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి, వచ్చి ఏడాది కూడా కాలేదు. మగ్గాల మోతకు చెవులు పోతున్నాయని ఆ పని మానేసి, ఒక జడ్జి గారి బంగ్లాలో కారు కడిగే పనికి కుదిరాడు. కారు అద్దం పగిలిందని జడ్జి గారు ఒక రోజు తిట్టి వెళ్లగొట్టారు. ఆ పూట నా మెస్‌లో కూర్చుని అందరూ వినేలా, "సూడక్కా, కుక్కను తరిమినట్టు తరిమిండు. గాయన జడ్జి గాకుంటే జూపిద్దును," అన్నాడు. వారం తిరక్కముందే జడ్జి గారిని ఎవరో ఆయన ఇంట్లోనే పొడిచి చంపారు. పోలీసులు నేరుగా మా సందులోకే వచ్చి అతన్ని పట్టుకుపోయారు.

అతను చంపాడో లేదో నాకు తెలియదు. అతను మంచివాడని ఒట్టు వేయమన్నా వేయలేను. తిన్న ప్లేటు తనే కడిగి బోర్లించేవాడని చెప్పగలను, అంతే. నాకు ఖాయంగా తెలిసింది చొక్కా సంగతి ఒక్కటే.

మర్నాడు అతని గది వెతకడానికి మళ్లీ జీపు వచ్చింది. నేను గడప మీద కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. కానిస్టేబుల్ జీపు వెనక సీటు మీద నుంచి ఒక నల్ల సంచి తీసి ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ సంచితో గదిలోకి పోయాడు. కాసేపటికి బయటికి వచ్చాడు. సంచి లేదు. చేతిలో నెత్తురు మరకలున్న చొక్కా ఉంది. నాకూ ఆయనకూ మధ్య పది అడుగులు కూడా లేవు. దాచాలన్న సిగ్గు కూడా లేదు ఆ మనిషికి.

కాగితం రాయడం అయ్యాక నా దగ్గరికి వచ్చి, ఇక్కడ సంతకం చేయమన్నాడు. నేను కదల్లేదు. ఆయన చూపు నన్ను దాటి వంటగదిలోకి పోయింది. అక్కడ మూడు ఎర్ర సిలిండర్లు. ఇంటి వాడకానికి ఇచ్చే గ్యాస్‌తో మెస్ నడపడం నేరం. "బెన్, ధంధా అచ్ఛా చల్ రహా హై?" అన్నాడు, అక్కయ్యను పలకరించినంత మర్యాదగా. వ్యాపారం బాగా నడుస్తోందా అని. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నేను చెయ్యి కొంగుకు తుడుచుకుని సంతకం చేశాను. ఆ సాయంత్రమే వంటగదికి పరదా కట్టేశాను.

మా ఆయనకు చెప్తే, "మనకెందుకే గీ లొల్లి? సప్పుడు జేయక నీ పని నువ్వు జూస్కో," అన్నాడు. అన్నం సయించలేదు నాకు. ఆయనకు సయించింది, రెండుసార్లు పెట్టించుకున్నాడు.

జడ్జిని చంపాడన్న మనిషి తరఫున నిలబడటానికి కోర్టులో ఒక్క వకీలూ ముందుకు రాలేదు. చివరికి కోర్టే ఒకాయన్ని పెట్టింది. నలభై ఏళ్లుంటాయి, సూరత్ మనిషే. పంచ్ ఎవరో కనుక్కుని ఒక ఆదివారం మా మెస్‌కు వచ్చాడు. ముందు గదిలో చాప మీద కూర్చుని పప్పు, పచ్చిపులుసు వేసుకుని మణికట్టు దాకా నాక్కుంటూ తిన్నాడు. ఆ తీరు చూసి నవ్వొచ్చింది కానీ, అందరూ వదిలేసిన వాడి కోసం ఈయనొక్కడైనా వచ్చాడు కదా అని గౌరవమే కలిగింది. సంచి సంగతి మొత్తం చెప్పేశాను. సిలిండర్ల మాట మాత్రం చెప్పలేదు, సిగ్గేసింది.

ఆయన చెయ్యి కడుక్కుని, హిందీలో నెమ్మదిగా చెప్పాడు. కోర్టులో నేను మిమ్మల్ని మూడే ప్రశ్నలు అడుగుతాను బెన్. మీకు గుజరాతీ చదవడం వచ్చా? గదిలోకి పోయేటప్పుడు ఇన్‌స్పెక్టర్ చేతిలో ఏముంది? ఆ సంచి ఎక్కడ నుంచి వచ్చింది? ఉన్నదున్నట్టు చెప్పండి చాలు. నేను అడగకుండా మాత్రం మీరేమీ మాట్లాడొద్దు. సాక్షి తనంతట తాను మాట్లాడితే ఎవరో నేర్పించారని అనుకుంటారు. నేను అడుగుతాను, మీరు చెప్తారు, ఆ చొక్కా అక్కడితో ఖతం.

జైలుకు పోయి ఈ మాట అతనికి కూడా చెప్పాడట. ఆ నెలంతా రొట్టెలు చేస్తూ ఆ మూడు జవాబులు నాలో నేనే చెప్పుకునేదాన్ని. సిలిండర్ల కేసు పెడితే పెట్టనీ, మెస్ మూస్తే మూయనీ, ఎక్కడైనా చీరలకు లేసులు కుట్టుకుని బతుకుతాను అని కూడా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఇప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారు?

కోర్టు మెట్ల మూలలన్నీ ఎర్రగా ఉమ్మేసి ఉన్నాయి. ఒక మూల దేవుడి బొమ్మల టైల్స్ అతికించారు, ఉమ్మకుండా. దేవుడి పక్కన ఉమ్మారు. ఆ వరండాలో పొద్దున్నుంచి నిలబడ్డాను. మన వకీలు, సర్కారు వకీలు కిటికీ దగ్గర నిలబడి నవ్వుకుంటున్నారు. సర్కారు వకీలు అరచేతిలో వక్క, జర్దా నలిపితే మన వకీలు అందులోంచి సగం తీసుకుని దవడలో పెట్టుకున్నాడు. నన్ను చూశాడు. చూడనట్టు అటు తిరిగాడు. పని మీద ఉన్నాడులే అనుకున్నాను.

మధ్యాహ్నం పిలిచారు. అతను వెనక గోడ దగ్గర, పోలీసుల మధ్య నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూడగానే తల ఊపాడు. బోనెక్కి ప్రమాణం చేశాను. సర్కారు వకీలు కాగితం చూపించి గుజరాతీలో గబగబా అడిగాడు. ఈ సంతకం మీదేనా? అవును. ఆ రోజు అక్కడ ఉన్నారా? ఉన్నాను. ఈ చొక్కా చూశారా? చూశాను. అంతే, కూర్చున్నాడు. మూడూ నిజాలే. మూడు నిజాలు కలిపితే ఇంత పెద్ద అబద్ధం అవుతుందని అక్కడే తెలిసింది.

కేసు వింటున్న జడ్జి గారు మన వకీలు వైపు చూశారు. జవాబులు నాలుక మీదికి తెచ్చుకుని రెండు చేతులతో బోను కొయ్య పట్టుకున్నాను. వకీలు సగం లేచాడు. "నో క్వశ్చన్స్, సర్," అన్నాడు. కూర్చున్నాడు.

ఇక దిగి వెళ్లమన్నారు. "సాబ్, ఆ సంచి జీపులోంచి వచ్చింది." ఈ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? నాలుగు మెట్లు దిగేలోపు పదిసార్లు అనొచ్చు. నేనేం చేశాను? హమ్మయ్య అనుకున్నాను. అడగలేదు కదా, నా తప్పేముంది అనుకున్నాను. ఒళ్లు తేలికైంది. ఛీ! ఇన్‌స్పెక్టర్‌ను తలచుకుంటే కోపం వస్తుంది, వకీలును తలచుకుంటే అసహ్యం వేస్తుంది, ఆ హమ్మయ్యను తలచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

వరండాలో వకీలు నా దగ్గరికి వచ్చాడు. దవడలో ఉన్నది పక్కకు తోసుకుని, మీ మంచికే అడగలేదు బెన్ అన్నాడు. అడిగితే రేపు మీ సిలిండర్ల సంగతి బయటికి లాగేవారు, ఆడవాళ్లు, వ్యాపారం చేసుకుంటున్నారు, మీకెందుకీ కష్టం అని.

సిలిండర్ల సంగతి నేను ఆయనకు చెప్పలేదు. ఆయన పరదా దాటి వంటగదిలోకి తొంగి చూడలేదు. సంతకం చేయించుకున్నప్పుడు వాటిని చూసింది ఇన్‌స్పెక్టర్ ఒక్కడే. వీళ్లిద్దరూ కూర్చుని నా సిలిండర్ల గురించి మాట్లాడుకున్నారన్నమాట. అతని ప్రాణం గురించి మాట్లాడుతూ, మధ్యలో నా సిలిండర్లు. ఆ మొహం మీద ఉమ్మాలనిపించింది. నేను మాత్రం తల ఊపాను. మంచిది సాబ్ అన్నాను. అన్నాను! ఆ తర్వాత కొన్నాళ్లకే ఆయన కూడా సర్కారు వకీలయ్యాడు.

వెళ్లిపోదామని మెట్ల వైపు తిరిగేసరికి పోలీసులు అతన్ని తీసుకొస్తున్నారు. పైన ఫ్యాన్ల మోత, వెనక గోడ దగ్గర నిలబడటం, అందులోనూ గుజరాతీ. లోపల ఏం జరిగిందో అతనికి ముక్క అర్థం కాలేదు. నా పక్కకు రాగానే కాళ్లు ఆపాడు.

"అక్కా, చెప్పినవా? సంచి సంగతి చెప్పినవా?"

కానిస్టేబుల్ ఇద్దరినీ చూస్తున్నాడు. వాడికి తెలుగు రాదు. నిజం చెప్పడానికి ఆ వరండాలో నాకు అడ్డం ఎవరూ లేరు.

"చెప్పిన," అన్నాను.

"జడ్జిసాబ్ ఏమన్నడు?"

"రాస్కున్నడు."

అతని మొహం విప్పారింది. కట్టిన చేతులనే ఎత్తి దండం పెట్టాడు. "గట్లయితె ఇగ బయటవడ్డట్టే. మా ఇంటామెకు జర ఫోన్ జెయ్యక్కా. పరేశాన్ గావొద్దని చెప్పు," అన్నాడు. వాళ్లు లాక్కుపోయారు.

ఇంటికి వచ్చి అతని భార్యకు ఫోన్ చేశాను. చెప్పాననే చెప్పాను. ఆమె ఏడుస్తూ, "నీ కడుపు సల్లగుండ అక్కా. గా ఊర్ల మాకు నువ్వొక్కదానివన్నా ఉన్నవు," అంది. నేను ఆ దీవెన కూడా తీసుకున్నాను.