కారు చల్లారేదాకా

మా ఆయన తొకుజి నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా అంటారు. శుద్ధ అబద్ధం. ఆయన రోజూ మాట్లాడతాడు. కాకపోతే నాతో కాదు, కారుతో. చలికాలం పొద్దున పని ముగించుకుని వచ్చి, కారును ఇంటి ముందు నిలిపి, ఇంజను మాత్రం ఆపకుండా అందులోనే కూర్చుంటాడు. కాసేపయ్యాక తాళం తిప్పి, స్టీరింగు మీద మెల్లిగా తట్టి, "ఈ రోజు కూడా శ్రమపడ్డావు, చాలా సంతోషం" అంటాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన బట్టలు ఉతికి, అన్నం వండి పెడుతున్నదాన్ని నేను. ఆ మాట నా చెవిన ఒక్కసారి పడి ఉంటే ఒట్టు.

అది మామూలు కారయినా కాదు. ముదురు నీలం సెడాన్. ముందు బానెట్ మీద గాలి పీల్చుకోవడానికి తెరిచిన నోరు, వెనక డిక్కీ మీద బల్లలాంటి రెక్క. లోపల టర్బో ఇంజను, నాలుగు చక్రాలనూ అదే తిప్పుతుంది. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు నేను వాకిట్లో ముల్లంగులకు తాడు కడుతున్నాను.

"ఏమయ్యా, ఆ రెక్కేమిటి? నా ముల్లంగులు ఆరబెట్టుకోవడానికా?"

"అదీ... వేగంగా పోతున్నప్పుడు కారు పైకి లేవకుండా..."

"మంచు తీసే మిషను నడిపేవాడివి నువ్వు! నీకు వేగమెందుకయ్యా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నలభై దాటిన మగాడు కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడిపోయాడు. నేను నిజంగానే ఆ సాయంత్రం ఆయన తడి చేతి తొడుగులు ఆ రెక్క మీద ఆరేశాను.

జపాను ఉత్తరాన మా అకిత కొండల్లో మంచు నడుము లోతు పడుతుంది. మిషన్లు ఉండే డిపో కింద లోయలో ఉంది, మా ఊరు పైన. మంచు కురిస్తే తెల్లవారకముందే ఫోను మోగుతుంది. ఊరందరికీ దారి తెరవడానికి ఈయన వెళ్లాలి. ఈయన వెళ్లడానికి దారి తెరిచేవాడు మాత్రం ఎవడూ లేడు. ఈ కారు రాకముందు ఒకసారి పాత చిన్న ట్రక్కులో బయల్దేరి, పెద్ద మలుపు దగ్గర మంచులో కూరుకుపోయాడు. డిపో మనుషులు పారలు పట్టుకుని వచ్చి తవ్వి తీశారు. దారి తెరవాల్సినవాడే దారికి అడ్డం పడ్డాడు! ఆయనకు తల కొట్టేసినట్టయింది. మంచు కరగగానే వెళ్లి ఈ కారు కొన్నాడు. ఏ నిదానపు ఫోర్‌వీల్ వ్యానయినా ఆ పనికి సరిపోయేది. అది ఆయనకూ తెలుసు. కానీ కన్ను దీని మీద పడింది, ఏం చేస్తాం?

ఎన్ని మాటలు అన్నానో దాన్ని! పెట్రోలు తాగే తాగుడు చూసి ఒళ్లు మండేది. సీటు గట్టి, కూర్చుంటే నడుము విరిగేది. అయినా ఉన్నమాట చెప్పుకోవాలి. ఇరవై రెండు చలికాలాల్లో అది ఒక్క పొద్దున కూడా మొరాయించలేదు. తాళం తిప్పితే చాలు, గుర్రుమని లేచేది. ఊరికే లేచిందనుకునేరు! గడువు ముందే ఆయిల్ మార్చేవాడు. అరిగిన బెల్టు తెగేదాకా ఎప్పుడూ ఉంచలేదు. రోడ్డు మీద చల్లే ఉప్పు ఇనుమును తినేస్తుందని, పని నుంచి వచ్చిన మధ్యాహ్నం బొక్కబోర్లా పడుకుని దాని కడుపంతా గోరువెచ్చని నీళ్లతో కడిగేవాడు. మా ఇంటి స్నానాల తొట్టి అడుగు చిల్లిపడితే మూడు నెలలు పట్టించుకోని మనిషి!

ఇక పొద్దున్నే ఇంజను ఆపకుండా కూర్చునే సంగతి. టర్బో అంటే ఇంజనులోకి గాలిని గట్టిగా తోసే చిన్న చక్రమట. మా ఊరి ఎత్తు ఎక్కి వచ్చేసరికి అది ఎర్రగా కాలి ఉంటుందట. ఉన్నపళంగా ఆపేస్తే లోపలి ఆయిల్ అక్కడికక్కడే మాడిపోతుంది, అందుకని కాసేపు ఊరికే తిరగనిచ్చి చల్లార్చాలి. ఆ కాసేపూ వీధిలో గుడగుడమని చప్పుడు. లోపల నేను సోయా ముద్ద కలిపిన మిసో చారు వేడి చేసి, చల్లారబెట్టుకుని, మళ్లీ వేడి చేసేదాన్ని. కారు చల్లారేదాకా ఆయన రాడు. అన్నేళ్లూ అదే తంతు.

కిందటేడు ఆ తంతు ఆగిపోయింది. చలికాలం మొదలవగానే ఆయన కారును ఇంటి వెనక సామాన్ల కొట్టు దాకా తీసుకెళ్లి, చటుక్కున ఆపేసి, దొంగలా పెరటి గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టాడు. వయసు మీద పడింది, చలికి తట్టుకోలేకపోతున్నాడు కాబోలనుకున్నాను. చారు ఒక్కసారి వేడి చేస్తే సరిపోతోంది కదా అని సంతోషించాను కూడా.

వసంతం వచ్చేసరికి కారు వెనక నుంచి నీలం పొగ లేచింది. ఎత్తు ఎక్కుతుంటే ముసలి పిల్లిలా మూలుగు. కింద పట్నంలో మెకానిక్కు ఒనోదెరా ఉన్నాడు, మా ఆయనతో బడిలో చదువుకున్నవాడు. నేనూ వెంట వెళ్లాను. ఒనోదెరా చాలాసేపు కారు కింద పడుకుని లేచి, చేతులు తుడుచుకుంటూ మా ఆయన ముందు నిలబడ్డాడు.

"ఒరే తొకుజీ, ఇంజను రాయిలా ఉంది. పోయింది టర్బో. నిజం చెప్పు, చల్లార్చకుండా ఆపేస్తున్నావు కదూ?"

మా ఆయన తన బూట్ల వంక చూసుకున్నాడు.

"నిన్నేరా! లోపల ఆయిల్ మాడి మసైపోయింది. ఇన్నేళ్లు కడుపులో పెట్టుకు చూసుకున్నవాడివి, ఇప్పుడేం పుట్టింది నీకు?"

"పక్కింట్లో... పాప ఉంది."

"పాప ఉంటే?"

"పొద్దున్నే... చప్పుడు..."

అప్పటికిగానీ నాకు తట్టలేదు. మా పక్కింట్లో చిహారు అనే అమ్మాయి ఉంటుంది, పట్నం ఆసుపత్రిలో నర్సు. భర్తకు దూరపు ఊళ్లో ఉద్యోగం. అంతకుముందు చలికాలం కడుపుతో వచ్చి ఆ ఇంట్లో దిగింది. శరదృతువులో పాప పుట్టింది. ఈయన కారు చప్పుడు ఆగింది కూడా సరిగ్గా ఆ వెంటే వచ్చిన చలికాలంలో.

"ఆ అమ్మాయి నిన్నేమైనా అడిగిందా?" అన్నాను.

"లేదు."

"ఇంకెవరైనా?"

"అనరు కదా. వాళ్లు అనకముందే మనం చూసుకోవాలి," అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

కొత్త టర్బో వేయమన్నాను. ఈ రకం తయారవడం మానేసి ఏళ్లయిందని, పాతది ఎక్కడైనా దొరికితే తప్ప దారి లేదని ఒనోదెరా తల అడ్డంగా ఊపాడు. మామూలు వ్యాను ఒకటి చూద్దామని దారి పొడుగునా పోరాను. ఇంటి దగ్గర కారు దిగాక ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు. "ఇది ఆగితే నేనూ ఆగుతాను, ఫుసాఎ. ఈ వయసులో ఇంకోదాన్ని నమ్మి ఆ మంచులోకి దిగలేను."

ఈయనకు మిషను నడపడం ఒక్కటే వచ్చు. చలికాలంలో ఆ పని లేకుండా, పొద్దస్తమానం కిరోసిన్ స్టవ్ ముందు మోకాళ్లు పట్టుకుని కూర్చున్న తొకుజిని తలుచుకుంటేనే నాకు ఊపిరాడలేదు.

వరి నాట్లు అయ్యాక ఒక సాయంత్రం పెరట్లోకి వెళ్లేసరికి, ఆయన బియ్యపు సారా, అదే సాకే, సీసా పట్టుకుని కారు చుట్టూ తిరుగుతున్నాడు. నాలుగు టైర్ల మీదా తలా కొంచెం పోసి, చిటికెడు ఉప్పు చల్లి, చేతులు జోడించాడు. పాత కారును సాగనంపే ముందు మా వైపు చేసే పని అది. ఆయన వీపు ఎంత చిన్నగా కనిపించిందో! ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే వెంటనే కోపమొస్తుంది. పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ గిన్నె ఒకటి చేతికి దొరికితే పట్టుకుని గబగబా పక్కింటికి నడిచాను. ఏమడగాలో కూడా అనుకోలేదు.

చిహారు పాపకు పాలు పడుతోంది. ఎదురింటి తొమె అవ్వ కూడా అక్కడే కూర్చుని టీ తాగుతోంది. నేను నోరు తెరిచేలోగా చిహారే అడిగింది.

"పిన్నిగారూ, బాబాయిగారికి ఒంట్లో బాగుంటోందా? చలికాలమంతా అడగాలనుకుంటూనే ఉన్నాను."

"ఆయనకేం, నిక్షేపంలా ఉన్నాడు. ఎందుకలా అడుగుతున్నావు?"

"పొద్దున్నే మీ వాకిట్లో నిలిచిన కారు గుడగుడ వినిపించడం లేదు కదా. నాకు అదే గుర్తు. బాబాయిగారు పైన వేడినీటి ఊటల దగ్గరి సత్రం దాకా వెళ్లి, తిరుగు దారిలో రెండో పక్క మంచు కూడా తీశాకే ఇంటికొస్తారు కదా. ఆ చప్పుడు వినపడిందంటే దారంతా అయిపోయింది, ఎదురుగా మిషను రాదు, ఇక బయల్దేరవచ్చని. ఈ ఏడు తెలియక, పాపను వీపున కట్టుకుని రోజూ మలుపు దాకా నడిచి చూసొచ్చేదాన్ని."

"ఆ మంచులోనా! పాపతోనా!"

"నేనైతే ఆయన పని మానేశాడనుకున్నాను," అంది తొమె అవ్వ. "నా చెవులు ఎటూ పనిచేయవు. ఆ కారు వచ్చి నిలబడితే మా కిటికీ అద్దాలు గలగలమనేవి. అప్పుడు లేచి స్టవ్ వెలిగించేదాన్ని. ఈ ఏడంతా దుప్పట్లో పడుకుని ఎదురుచూడ్డమే నా పని."

"మరి ఆ చప్పుడుకు పాప లేవదా?"

"ఇదా?" చిహారు నవ్వేసింది. "కడుపులో ఉన్నప్పటి నుంచీ విన్న చప్పుడే కదా పిన్నిగారూ!"

"అయితే మమ్మల్ని ఒక్క మాట అడగడానికేం?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎలా అడుగుతాం?" అంది తొమె అవ్వ. "కారు పాడైందేమో, పాపం అడిగితే చిన్నబుచ్చుకుంటాడేమోనని..."

"మీ మర్యాదలు తగలెయ్య!" అని అరిచాను. పాప ఉలిక్కిపడి పాలు వదిలేసింది. వాళ్లకు ఇబ్బందని ఈయన నోరు నొక్కుకుని కారును చంపుకున్నాడు, ఈయనకు ఇబ్బందని వాళ్లు నోరు నొక్కుకుని మంచులో తిరిగారు. అంతా చెప్పేశాను, సాకే సీసా సంగతితో సహా. చిహారు కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. తొమె అవ్వ మాత్రం టీ కప్పు కింద పెట్టి ఆలోచనలో పడింది.

"వెనకాల బల్ల ఉంటుంది, అదే కారు కదూ? మా తమ్ముడి కొడుకు కుర్రతనంలో అలాంటిదే కొని, కొన్న ఏడాదే పొలం కాలవలో పడేశాడు. ఇప్పటికీ షెడ్డులోనే పడి ఉంది. కోళ్లు గుడ్లు పెడుతున్నాయి దాంట్లో."

నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడే ఒనోదెరాను, మా ఆయనను ఆ షెడ్డుకు బయల్దేరదీశాను. వెనక సీటు మీది కోడిపెట్ట ససేమిరా దిగనంది. ఒనోదెరా దాని జోలికి పోకుండా బానెట్ ఎత్తి టర్బో విప్పుకొచ్చాడు, పొడి గుడ్డతో తుడిచి, "కొత్తదానిలా ఉందిరా తొకుజీ, వాడు నడిపింది ఏడాదేగా!" అన్నాడు. మా ఆయన దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. అలా అందుకోవడం నేను మా అబ్బాయి పుట్టిన రోజున చూశాను, మళ్లీ ఇప్పుడే.

టర్బో బిగించాక సర్కారు తనిఖీలో కారు పాసైంది. శీతాకాలపు టైర్లు ఎక్కాయి. మొదటి పెద్ద మంచు పడ్డ రోజు, చీకటితోనే ఆయన వెళ్లాడు. బాగా తెల్లవారాక చిహారు వాళ్ల వాకిలి దాటి ఎత్తు ఎక్కి వస్తున్న చప్పుడు. మూలుగు లేదు, పొగ లేదు. ఆయన కొట్టు వైపు తిరగబోతుంటే నేను చీపురు అడ్డంపెట్టి, ఇంటి ముందే ఆపించాను. ఆపాడు. అలవాటు పాడుగాను, చెయ్యి దానంతటదే వెళ్లి తాళం తిప్పేసింది.

వీధంతా నిశ్శబ్దం. ఎదురింటి కిటికీ ధడేలున తెరుచుకుంది.

"ఆపకయ్యా తొకుజీ!" అని కేకేసింది తొమె అవ్వ. "నేనింకా స్టవ్ వెలిగించుకోలేదు!"

ఆయన బిత్తరపోయి మళ్లీ తాళం తిప్పాడు. గుర్రుమంది. అవ్వ కిటికీ అద్దాలు గలగలలాడాయి. నేను నవ్వు ఆపుకోలేక చీపురు మీద వాలిపోయాను.

అంతలో చిహారు పాపను వీపున కట్టుకుని, ఆసుపత్రికి తయారై బయటికొచ్చింది. తన కారు దగ్గరకు వెళ్లకుండా నేరుగా మా ఆయన కారు పక్కకు వచ్చింది. ఆయన కంగారుగా అద్దం దించాడు. పాప ఆ గుడగుడ చప్పుడు మధ్య, తల్లి భుజం మీద చెంప ఆనించి, హాయిగా నిద్రపోతోంది. చిహారు నడుము వంచి దణ్ణం పెట్టింది.

"బాబాయిగారూ, ఈ రోజు కూడా శ్రమపడ్డారు. చాలా సంతోషం."

మా ఆయన స్టీరింగు వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"కారుతో... కారుతో చెబుతానమ్మా," అన్నాడు.

"కారుకు కాదు, మొద్దూ! నీకే!" అన్నాను నేను.

చిహారు నవ్వుకుంటూ వెళ్లింది. తెరిచిన దారిలో ఆమె కారు మలుపు తిరిగేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు. టర్బో ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది. అయినా దిగలేదు, చేతి తొడుగుతో కళ్లు తుడుచుకుంటూ అలాగే కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్లి చారు మళ్లీ స్టవ్ మీద పెట్టాను.